గింప్ ముప్పై ఏళ్లుగా ఎలా నడుస్తోంది

పాత ఫొటోలు బాగుచేయడం నా పని. చెమ్మ పట్టినవి, మడతపడి చిరిగినవి, రంగు వెలిసి ఎర్రబారినవి నా దగ్గరికి వస్తాయి. స్కాన్ చేసి, గింప్ అనే ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్‌లో తెరిచి, మొహాలు మళ్లీ గుర్తుపట్టేలా చేసి ఇస్తాను. రోజులో ఎక్కువ గంటలు ఈ ఒక్క ప్రోగ్రామ్ ముందే గడుస్తాయి. అందుకే "ఫ్రీగా వచ్చేది కదా, పనికొస్తుందా?" అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోలేను. పనికొస్తుంది. అయితే దాన్ని పనికొచ్చేలా ఉంచడానికి ఎవరెవరు ఎంత చాకిరీ చేశారో కూడా చెప్పాలి. ఆ చాకిరీ గురించే ఈ పోస్టు.

1995లో, అమెరికాలోని బర్క్‌లీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ దీన్ని మొదలుపెట్టారు. కంపైలర్ల కోర్సు కోసం లిస్ప్ భాషలో ఒక ప్రాజెక్టు చేస్తూ, నిద్రల్లేక విసిగిపోయి, దాన్ని పక్కన పడేసి బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్ రాద్దామనుకున్నారు. ఆ ఏడాది జూలైలో మాటిస్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లని బాహాటంగానే అడిగాడు: ఫొటోషాప్ లాంటిది ఒకటి రాస్తే అందులో ఏ టూల్స్ ఉండాలి, ఏయే రకాల ఫైళ్లు తెరవగలగాలి అని. 1996 మొదట్లో 0.54 వెర్షన్ జనంలోకి వచ్చింది. లినక్స్ గుర్తుగా అందరికీ తెలిసిన టక్స్ పెంగ్విన్‌ని లారీ ఎవింగ్ ఆ ఏడాదే ఈ 0.54తోనే గీశాడు.

ఆ తొలి రోజుల్లోనే వాళ్లు తీసుకున్న ఒక నిర్ణయం నాకు ఇప్పటికీ రోజూ ఉపయోగపడుతోంది. గింప్‌లో ప్లగిన్ (అదనపు పనుల కోసం తగిలించే చిన్న ప్రోగ్రామ్) ప్రధాన ప్రోగ్రామ్ లోపల నడవదు, పక్కన వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది. ఫైళ్లు తెరిచేవి, సేవ్ చేసేవి కూడా ప్లగిన్లే. పాడైపోయిన ఫైల్ ఒకటి తెరిచినప్పుడు ఆ ప్లగిన్ కుప్పకూలితే, ఫలానా ప్లగిన్ క్రాష్ అయిందని మెసేజ్ వస్తుంది. గంటల తరబడి కష్టపడుతున్న పక్క ఫొటో మాత్రం చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. అప్పటి చిన్న కంప్యూటర్లలో ఇద్దరు విద్యార్థులు ఇంత ముందుచూపుతో ఆలోచించారంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

0.54కి పెద్ద చిక్కు ఒకటుండేది. బటన్లు, మెనూలు, విండోలు గీయడానికి అది మోటిఫ్ అనే టూల్‌కిట్‌ని వాడుకుంది. మోటిఫ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకునేలా ఇచ్చింది కాదు. కాబట్టి గింప్ కోడ్ చేతిలో ఉన్నా, మోటిఫ్ కొనుక్కోని మనిషి ఆ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా సొంతంగా తయారు (బిల్డ్) చేసుకోలేడు. మాటిస్‌కి మోటిఫ్ నచ్చనూ లేదు. దాంతో కూర్చుని సొంత టూల్‌కిట్ రాశాడు. అదే జీటీకే. 1997లో లినక్స్‌లో విండోలు, మెనూలు చూపించే గ్నోమ్ డెస్క్‌టాప్ మొదలైనప్పుడు వాళ్లు దాన్నే పునాదిగా ఎంచుకున్నారు. బొమ్మల ప్రోగ్రామ్ అవసరం కోసం పుట్టిన టూల్‌కిట్ మీద ఈరోజు లెక్కలేనన్ని లినక్స్ ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయి. అయితే అలా అందరిదీ అయ్యాక జీటీకే తన దారిన తాను మారుతూ పోయింది. ఆ మార్పుల వెంట గింప్ పరిగెత్తాల్సి వచ్చింది. దాని గురించి కాసేపట్లో చెప్తాను.

1997లో గింప్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం నడిచే గ్నూ ప్రాజెక్టులో భాగమైంది. 1998 జూన్‌లో 1.0 వచ్చింది. అప్పటికే కింబల్, మాటిస్ చదువు ముగించి ఉద్యోగాల బాట పట్టారు. (చాలా ఏళ్ల తర్వాత, 2015లో, ఇద్దరూ మరో స్నేహితుడితో కలిసి కాక్రోచ్ ల్యాబ్స్ అనే డేటాబేస్ కంపెనీ పెట్టారు.) రాసినవాళ్లు వెళ్లిపోతే చాలా ప్రాజెక్టులు అక్కడే ఆగిపోతాయి. గింప్ ఆగలేదు. మనీష్ సింగ్, ఏడ్రియన్ లైకిన్స్ లాంటివాళ్లు ముందుకొచ్చి పట్టుకున్నారు. ఆ తర్వాత స్వెన్ న్యూమన్, మైఖేల్ నాటరర్ ఏళ్ల తరబడి మోశారు. ఇప్పుడు జెహాన్ పాజెస్ మెయింటెయినర్, అంటే ప్రాజెక్టుని నడిపించే మనిషి. సున్నా నుంచి కొత్తది రాయడంలో ఒక ఊపు ఉంటుంది. ఎవరో రాసిన లక్షల లైన్ల కోడ్ చదివి, అర్థం చేసుకుని, విరక్కుండా మార్చడానికి ఓపిక కావాలి. నా లెక్కలో గింప్ అసలు చరిత్ర ఈ రెండో రకం మనుషులది.

దానికి నా పనిలోంచే ఒక ఉదాహరణ చెప్తాను.

వెలిసిపోయిన కలర్ ప్రింట్ ఒకటి స్కాన్ చేశామనుకోండి. అంతా ఒకే గులాబీ పొర కప్పినట్టు ఉంటుంది. హిస్టోగ్రామ్ (ఏ వెలుగు స్థాయిలో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే గ్రాఫ్) తెరిస్తే నలుపు వైపు ఏమీ ఉండదు, తెలుపు వైపూ ఏమీ ఉండదు, మధ్యలో మాత్రం ఒక గుట్ట. 8 బిట్ల స్కాన్‌లో ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా 256 మెట్లు ఉంటాయి. మన గుట్ట 90కి, 170కి మధ్య ఉందనుకుంటే చేతిలో ఉన్నవి సుమారు 80 మెట్లే. లెవెల్స్ అనే టూల్‌తో దాన్ని అటు 0 దాకా, ఇటు 255 దాకా సాగదీసినంత మాత్రాన మెట్లు పెరగవు, మధ్యలో ఖాళీలు పడతాయి. హిస్టోగ్రామ్ పళ్లూడిన దువ్వెనలా కనిపిస్తుంది. ఆ తర్వాత కర్వ్స్ ఒకసారి, కలర్ బ్యాలెన్స్ ఒకసారి వాడతాం. ప్రతిసారీ ఫలితం మళ్లీ 8 బిట్లకి కుదించుకుపోతుంది. బుగ్గ మీద వెలుగు నుంచి నీడకి మెత్తగా జారాల్సిన చోట చారలు పడతాయి. ఆకాశంలో అయితే ఇంకా ఘోరం. అదే 16 బిట్ల స్కాన్‌లో మొత్తం 65,536 మెట్లు. అదే వెలిసిన ముక్కలో 20,000కి పైగా దొరుకుతాయి. ఎంత సాగదీసినా కంటికి చార కనపడదు.

పాత గింప్ 8 బిట్లే చేసేది. 16 బిట్ల ఫైల్ ఇస్తే తెరిచేటప్పుడే 8కి దించేసేది. నాలాంటి పని చేసేవాళ్లకి ఇదొక పెద్ద లోటు. సినిమా గ్రాఫిక్స్ వాళ్లకైతే ఇంకా పెద్ద లోటు. 1990ల చివర్లోనే లాస్ ఏంజెలస్‌లోని రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియో లాంటివాళ్లు డెవలపర్లని పెట్టి, గింప్ కోడ్‌లోంచి ఒక కొమ్మ తీసి, ఎక్కువ బిట్లకి మార్పించారు. ఫిల్మ్ గింప్ అని పిలిచే ఆ కొమ్మ ప్రధాన గింప్‌లో కలవలేదు. తర్వాత సినీపెయింట్‌గా విడిగా నడిచింది.

ఎందుకు కలవలేదంటే, సమస్య ఒక్క చోట లేదు. ఒక రంగు విలువంటే ఒక బైట్ అన్న లెక్క పాత కోడ్ అంతటా పరుచుకుని ఉంది. ప్రతి బ్రష్‌లో, ప్రతి ఫిల్టర్‌లో, లేయర్లు ఒకదాని మీద ఒకటి కలిసే చోట, అన్‌డూలో, అన్నిట్లోనూ అదే. ఒక చోట మారిస్తే పది చోట్ల విరుగుతుంది. అందుకని పిక్సెళ్ల లెక్కలు చేసే ఇంజిన్‌నే కొత్తగా, విడిగా రాయాలన్న ఆలోచనతో 2000లో గెగల్ అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ మూట) మొదలైంది. ఆలోచన మంచిదే, కానీ ఏళ్ల తరబడి మెల్లగా సాగింది. తర్వాత ఓయివిండ్ కోలోస్ దాన్ని చేతిలోకి తీసుకుని, పిక్సెల్ రకాల మధ్య మార్పిడి కోసం బాబుల్ అనే తోడు లైబ్రరీ కూడా రాశాడు. 2008లో వచ్చిన 2.6లో గెగల్ మొదటిసారి గింప్‌లో అడుగుపెట్టింది, అదీ కొన్ని రంగుల టూల్స్‌కి మాత్రమే.

2012లో నాటరర్, కోలోస్ కొన్ని వారాలు కలిసి కూర్చుని గింప్ కోర్‌లో చాలా భాగాన్ని గెగల్ మీదికి మార్చేశారు. గెగల్‌కి మేక బొమ్మ గుర్తు కాబట్టి ఆ కోడ్ కొమ్మకి మేకల దండయాత్ర అని పేరు పెట్టుకున్నారు. అయితే కోర్ మారినంత మాత్రాన రిలీజ్ చేయడానికి కుదరదు. మెనూలో కనిపించే ఫిల్టర్లు ఒక్కొక్కటిగా కొత్త ఇంజిన్‌కి తిరగరాయాలి. అలా తిరగరాసినవి 80కి పైగా ఉన్నాయి. ప్రతిదానికీ పాత ఫలితంతో పోల్చి చూడటం, తేడా వస్తే వెతకడం, వేగం తగ్గితే మళ్లీ మొదలుపెట్టడం. ఇవన్నీ అయి 2.10 వచ్చేసరికి 2018 ఏప్రిల్. గెగల్ పుట్టిన 18 ఏళ్లకి! బయటివాళ్లకి ఆ ఆరేళ్లూ గింప్ నిద్రపోతున్నట్టే కనిపించింది. "ఇది చచ్చిపోయిన ప్రాజెక్టు" అని తేల్చేసినవాళ్లూ ఉన్నారు. అదే సమయంలో లోపల నడుస్తున్న ప్రోగ్రామ్ కింది ఇంజిన్ మొత్తం మారుతోంది. 2.10లో 16 బిట్ల స్కాన్‌ని 32 బిట్ల ఫ్లోట్‌కి (దశాంశాలతో లెక్కకి) మార్చి, సాగదీసిన హిస్టోగ్రామ్‌లో ఖాళీలు లేకపోవడం మొదటిసారి చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

దీనితో పాటే వచ్చిన ఇంకో మేలు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎర్రటి రంగు పక్కన ఆకుపచ్చ రంగు పెట్టి బ్లర్ చేయండి. పాత పద్ధతిలో ఆ రెండూ కలిసే చోట మురికి గీతలా నల్లబడుతుంది. ఫైల్‌లో ఉండే అంకెలు వెలుగు పరిమాణానికి నేరుగా సమానం కాకపోవడం వల్ల, వాటిని అలాగే సగటు తీస్తే వెలుగు తగ్గిపోతుంది. 2.10 నుంచి ఇలాంటి లెక్కలు లీనియర్ లైట్‌లో చేసుకోవచ్చు, నిజంగా వెలుతురు కలిసినట్టే కలుస్తుంది. చిరుగు అంచులు కలిపేటప్పుడు ఈ తేడా నాకు బాగా తెలుస్తుంది.

2012 నాటి 2.8లో ఒక మార్పు మీద చాలా గొడవైంది. సేవ్ అంటే ఇక గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లోనే, జేపెగ్ లేదా పీఎన్‌జీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఒక క్లిక్ పెరిగిందని ఇప్పటికీ తిట్టుకునేవాళ్లున్నారు. నేను మాత్రం ఆ నిర్ణయం వైపే. జేపెగ్‌లో లేయర్లు ఉండవు, మాస్క్‌లు (లేయర్‌లో కొంత భాగాన్ని దాచేవి) ఉండవు. సేవ్ అయిందని నమ్మి విండో మూసేశాక పని పోయిందని తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఒక క్లిక్ పెద్ద ధర కాదు.

ఎక్స్‌సీఎఫ్ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి దాని లోపల ఏముంటుందో చూపిస్తాను. ఈ పేరు కింబల్, మాటిస్ సభ్యులుగా ఉన్న బర్క్‌లీ కంప్యూటర్ క్లబ్ ఎక్స్‌పెరిమెంటల్ కంప్యూటింగ్ ఫెసిలిటీ నుంచి వచ్చింది. ఏదైనా ఎక్స్‌సీఎఫ్ ఫైల్‌ని హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని బైట్లని చూపించే ప్రోగ్రామ్‌లో) తెరవండి. మొదటి బైట్లలోనే 'గింప్ ఎక్స్‌సీఎఫ్' అని ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తుంది, వెంటనే వెర్షన్ నంబర్. బొమ్మని 64 బై 64 పిక్సెళ్ల చిన్న చిన్న టైళ్లుగా కోసి లోపల పెడతారు. కొత్త సౌకర్యం వచ్చినప్పుడల్లా ఈ వెర్షన్ నంబర్ పెరుగుతూ వచ్చింది. లేయర్ గ్రూపులకి ఒకటి, ఎక్కువ బిట్లకి ఒకటి, 4 జీబీ దాటిన పెద్ద ఫైళ్లకి ఒకటి. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, మీ బొమ్మలో కొత్త సౌకర్యాలేవీ వాడకపోతే గింప్ పాత నంబర్‌తోనే రాస్తుంది, పాత వెర్షన్ ఉన్నవాళ్లు కూడా తెరుచుకోగలరని. పాత ఫైళ్లు కొత్త వెర్షన్లలో తెరుచుకోవాలన్న నియమాన్ని ముప్పై ఏళ్లుగా నిలబెట్టుకుంటూ వచ్చారు. అంటే తొంభైల నాటి లేయర్ మోడ్ (లేయర్లు కలిసే పద్ధతి) లెక్కల్ని కూడా ఎవరో ఒకరు అలాగే కాపాడుతూ ఉండాలి. 2.10లో పాత మోడ్‌లని లెగసీ పేరుతో ఇంకా ఉంచింది ఇందుకే.

వేరేవాళ్ల ఫార్మాట్ల సంగతి ఇంకో తలనొప్పి. ఫొటోషాప్ వాళ్ల పీఎస్‌డీ, గేముల్లో వాడే డీడీఎస్, పెయింట్ షాప్ ప్రో ఫైళ్లు... ఇవన్నీ చదివే కోడ్‌లో చాలా భాగం ఎప్పుడో రాసింది. ఫైల్ తనలో ఇన్ని బైట్లు ఉన్నాయని చెప్పుకుంటే నమ్మేసి చదివే కోడ్‌ని దురుద్దేశంతో తయారుచేసిన ఫైల్‌తో మోసం చేయొచ్చు. 2023 నవంబర్‌లో వచ్చిన 2.10.36లో ఈ మూడు ఫార్మాట్లలోనూ అలాంటి భద్రతా లోపాల్ని సరిచేశారు. ఇలాంటి రిలీజ్‌లో కొత్త బ్రష్ ఉండదు, చూపించడానికి స్క్రీన్‌షాట్ ఉండదు. కానీ ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన ఫైళ్లు రోజూ తెరిచే నాకు ఈ రిలీజే ముఖ్యం.

డౌన్‌లోడ్ చోటు కూడా కాపలా కాయాల్సిందే. విండోస్ ఇన్‌స్టాలర్ ఒకప్పుడు సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైట్‌లో ఉండేది. అక్కడ మోసపు డౌన్‌లోడ్ బటన్ల ప్రకటనలు, అదనపు సరుకు కలిపే ఇన్‌స్టాలర్లు మొదలవడంతో 2013లో గింప్ వాళ్లు బయటికొచ్చేశారు. 2015లో సోర్స్‌ఫోర్జ్ ఆ పాత ఖాతాని తన చేతిలోకి తీసుకుని, గింప్ చుట్టూ ప్రకటనల ప్రోగ్రామ్‌లు చుట్టి ఇచ్చింది. పెద్ద గోల జరిగాక ఆపేసింది. ఎవరికైనా గింప్ ఇన్‌స్టాల్ చేసి పెట్టేటప్పుడు అధికారిక సైట్ నుంచే దించండి అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

డబ్బు గురించి అడుగుతుంటారు. గింప్ అనే కంపెనీ ఏదీ లేదు. విరాళాల్లో చాలా భాగం గ్నోమ్ ఫౌండేషన్ చూసుకుంటుంది. 2018లో హ్యాండ్‌షేక్ అనే ప్రాజెక్టు వాళ్లు గ్నోమ్‌కి ఇచ్చిన విరాళంలో లక్ష డాలర్లు గింప్ కోసమే కేటాయించారు. పెద్ద మొత్తమే. కానీ ప్యాచ్ (ఎవరో రాసి పంపిన కోడ్ మార్పు) వస్తే దాన్ని లైన్ లైన్ చదివి, కలపొచ్చా లేదా అని చెప్పగలిగేవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మ్యాక్ మీద బిల్డ్ చేసే మనిషి దొరక్క ఆ వెర్షన్ వెనకబడిపోయిన కాలాలు ఉన్నాయి. గింప్ పేరు నచ్చనివాళ్లు 2019లో గ్లింప్స్ పేరుతో కోడ్‌ని వేరు చేసుకున్నారు. లైసెన్స్ ఆ హక్కు ఇస్తుంది, తప్పేం లేదు. పనిచేసేవాళ్లు చాలక 2021లో అది ఆగిపోయింది.

ఇక జీటీకే సంగతి. జీటీకే 3 వచ్చింది 2011లో. గింప్ అప్పుడు జీటీకే 2 మీద ఉంది, చేతినిండా గెగల్ పని. రెండూ ఒకేసారి చేసే మనుషులు లేరు. అందుకని ముందు ఇంజిన్, తర్వాత టూల్‌కిట్ అనుకున్నారు. 2020 చివర్లో జీటీకే 4 వచ్చి, జీటీకే 2కి మరమ్మతులు పూర్తిగా ఆగిపోయేసరికి గింప్ ఇంకా 3కి మారే పనిలోనే ఉంది. ఆ ఏడాది మొదట్లోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రెండో వెర్షన్ కాలం కూడా చెల్లిపోవడంతో పైథాన్ ప్లగిన్ల వ్యవస్థనీ తిరగరాయాల్సి వచ్చింది. చివరికి 2025 మార్చిలో 3.0 వచ్చింది. హై రిజల్యూషన్ తెర మీద బటన్లు సరైన సైజులో కనిపిస్తున్నాయి. ఫిల్టర్లు లేయర్ మీద అలాగే నిలబడి ఉంటాయి, రేపు వచ్చి విలువ మార్చుకోవచ్చు. ఇంతకుముందు షార్పెన్ చేయాలంటే లేయర్ కాపీ తీసి పెట్టుకునేదాన్ని, ఇప్పుడు ఆ అవసరం చాలావరకు పోయింది. పాత స్క్రిప్టులు మాత్రం కొన్ని విరిగాయి. నేను వాడే వాటిని కొత్త పద్ధతికి మార్చుకోవడానికి కొన్ని సాయంత్రాలు పట్టింది. ఆ పని విసుగు పుట్టించింది, నిజమే. పాతవి అలాగే ఉంచమంటే 3.0 ఎప్పటికీ వచ్చేది కాదని కూడా తెలుసు.

ఫొటోల కింద పేర్లు తెలుగులో రాయమని చాలామంది అడుగుతారు. అక్షరాలు పేర్చే పనిని గింప్ 2004 నాటి 2.0 నుంచి పాంగో అనే లైబ్రరీకి అప్పగించింది. ఇప్పుడు దాని కింద ఒత్తుల్నీ గుణింతాల్నీ సరైన చోట కూర్చేది హార్ఫ్‌బజ్. యూనికోడ్‌లో టైప్ చేస్తే 'స్త్రీ', 'లక్ష్మి' విడిపోకుండా వస్తాయి. అంటే నా రోజువారీ పని గింప్ వాళ్ల మీదే కాదు, వాళ్లు ఆధారపడ్డ లైబ్రరీల వాళ్ల మీద కూడా ఆధారపడి ఉంది.

నాకు సీ భాషలో కోడ్ రాయడం రాదు. వచ్చిన పని బగ్ రిపోర్టుల్ని పరీక్షించడం. ఎవరో "హీల్ టూల్ పనిచేయట్లేదు" అని రాస్తారు (మచ్చలు మాన్పే టూల్ అది). ఏ వెర్షన్, ఏ సిస్టమ్, బొమ్మ ఎన్ని బిట్లది, సెలెక్షన్ (ఎంచుకున్న భాగం) ఉందా, లేయర్‌కి మాస్క్ ఉందా అని ఒక్కొక్కటే అడగాలి. తర్వాత అదే నా దగ్గర జరిగేలా చేసి చూడాలి. చాలాసార్లు తేలేది ఏంటంటే, ఎక్కడో మూలన ఒక చిన్న సెలెక్షన్ మిగిలిపోయి ఉంటుంది, దాని బయట బ్రష్ పనిచేయదు. కొన్నిసార్లు మాత్రం నిజంగానే బగ్. అప్పుడు బొమ్మని ఆ తప్పు కనిపించేంత చిన్న ముక్కకి కత్తిరించి, మిగతా లేయర్లు తీసేసి, ఆ ఎక్స్‌సీఎఫ్‌ని రిపోర్టుకి జతచేస్తాను. 200 ఎంబీ ఫైల్‌లో వెతకాల్సిన డెవలపర్‌కి నాలుగు కేబీల ఫైల్ దొరికితే సగం పని అయినట్టే.

మీరు గింప్ వాడుతుంటే, ఈసారి ఏదైనా తేడా చేసినప్పుడు తిట్టుకుని వదిలేయకండి. హెల్ప్ మెనూలోని అబౌట్‌లో వెర్షన్ నంబర్ చూసి రాసుకోండి. ఎర్రర్ విండో వస్తే అందులోని టెక్స్ట్ మొత్తం కాపీ చేయండి, ఫొటో తీసి పెడితే అందులోంచి వెతకడం కష్టం. ఏం నొక్కితే ఏం జరిగిందో వరసగా రాయండి. గింప్ బగ్‌లు గ్నోమ్ గిట్‌ల్యాబ్ సైట్‌లో ఉంటాయి, మీ సమస్య ఇప్పటికే ఎవరైనా రాశారేమో ముందు అక్కడ వెతకండి. రాసి ఉంటే కొత్తది తెరవకుండా దాని కిందే మీ వివరాలు కలపండి. ఇంగ్లీషులో రాయడం ఇబ్బందైతే ఇక్కడ కామెంట్‌లో తెలుగులోనే పెట్టండి, నేను పరీక్షించి అక్కడ రాస్తాను.